తుమ్ము రాని దుమ్ము

"అదే చెప్తున్నా అన్నయ్యా, మనకాడ దుమ్ముకి పరీక్ష ఒకటే. తుమ్మొచ్చిందా, చెడ్డది. రాలేదా, మంచిది. మిరపకాయల బస్తా, అదే టిక్కీ, విప్పుతుంటే కళ్లు మండుతయ్, ముక్కు కారుద్ది, గొంతు పట్టేసుద్ది. అందుకని మూతికి గుడ్డ కట్టుకుంటాం. మరి ఏ మంటా లేని పొడి దగ్గర నిలబడితే ఏం చేస్తాం? ఆ గుడ్డ తీసి భుజానేసుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. మా ఆయన పీల్చుకున్నాడుగా, ఏళ్ల తరబడి!"

కరీమున్ వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తన కథ వినడానికి బస్సులో వచ్చినాయనకు చెబుతోంది. లోపలి గదిలోంచి భర్త మాలిక్ గొంతు వినిపించింది.

"నా సంగతేనా? చెప్పు చెప్పు. నన్ను ఎర్రోణ్ణి చేయకుండా కథ నడవదుగా నీకు."

"ఉన్నమాట చెప్తున్నాలే. నువ్వొచ్చి టీ పెట్టు" అని ఆమె నవ్వింది. ఆయన వచ్చి నిజంగానే పొయ్యి వెలిగించాడు.

గుంటూరు శివార్లలోని ఒక కాలేజీలో కరీమున్ ల్యాబ్ టెక్నీషియన్. ఫ్యాక్టరీల్లో గాలిలోకి లేచే అతి సన్నటి పొడులు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏం చేస్తాయో, మనిషి దాకా రానివ్వకుండా, సీసాల్లో పెంచిన ఊపిరితిత్తి కణాల మీద ముందే చూడటం ఆ ల్యాబ్ పని. ఆ కణాలను పెంచేది, మేపేది, లెక్కకు తెచ్చేది ఆమే. ఇదంతా ఆమె చదువుకుని వచ్చిన విద్య కాదు. చేరింది గాజుసామాను కడగడానికి.

పుట్టింది పర్చూరులో, దూదేకులవారింట. తండ్రి ఖాజావలి భుజాన విల్లు వేసుకుని పరుపులు, దిండ్లు కుట్టడానికి ఊరూరా తిరిగేవాడు. ముద్దకట్టిన పాతదూదిని నేల మీద పోసి, విల్లు నారిని కొడుతూ ఏకుతుంటే దూది పొరలు పొరలుగా విడిపోయి పాలనురుగులా పొంగేది. టుంయ్, టుంయ్ అనే ఆ చప్పుడుకి కరీమున్ నిద్రపోయేది, అదే చప్పుడుకి లేచేది. ఇంటిల్లిపాది తలలూ పొద్దస్తమానం నెరిసినట్టే ఉండేవి. చివరి రోజుల్లో ఖాజావలికి ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేసి నిలబడేవాడు. "దూది మంచిదేనమ్మా, నా ఊపిరే కురచయింది" అనేవాడు తప్ప దూదిని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. తొంభైల చివర్లో, కూతురు ఇంటర్ పూర్తిచేసిన ఎండాకాలంలో, ఆయన పోయాడు.

దర్శి నుంచి వచ్చి గుంటూరులో కారం మిల్లులో పనిచేస్తున్న మాలిక్‌తో ఆమెకు నిఖా అయింది. అత్త జానీబీ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "ఇంటరు చదివినదానివి, గిన్నెలు తోముకుంటా కూర్చుంటావా? పోయి ఏదన్నా కాలేజీలో తోముకోపో, జీతమన్నా ఇస్తారు" అని కోడలిని ల్యాబ్ పనికి పంపింది ఆవిడే.

ఆ ల్యాబ్ నడిపేది ప్రేమమ్మ మేడం. సన్నగా, తెల్లచీరలో, ఎప్పుడూ ఏదో మర్చిపోయి వెతుక్కుంటున్నట్టుండే మనిషి. గాజుసామాను కడిగే అమ్మాయి సీసాలను వెలుతురుకి ఎత్తి చూసి, ఒక్క మరక ఉన్నా మళ్లీ కడగటం ఆమె కంటపడింది. ఒకరోజు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇవి ఊపిరితిత్తి కణాలు కరీమున్. కంటికి కనపడవు. చూలింతల్లాంటివి. ఏ వాసనా పడదు, ఏ మాత్రం వేడి తగ్గినా ఓర్చుకోవు, తిండి ఒకపూట ఆలస్యమైతే అలిగి చచ్చిపోతాయి. చూసుకుంటావా?"

"చూలింతలైతే చూసుకుంటా మేడం" అంది కరీమున్.

అలా మొదలైంది. చేతులు ఎలా కడుక్కోవాలి, సీసా మూత ఎటు తిప్పి పెట్టాలి, గులాబీరంగు ద్రవం పసుపు తిరిగితే ఏమిటి అర్థం, కరెంటు పోతే ముందు దేని దగ్గరకు పరుగెత్తాలి, అన్నీ మేడం చెప్పేది. విసుక్కునేది కాదు. తెలియని ఇంగ్లీషు మాటను కరీమున్ తప్పుగా పలికితే నవ్వకుండా అదే మాటను తన వాక్యంలో సరిగ్గా పలికేది. "మా నాన్న నాకు ఓపిక ఇచ్చాడు, దాన్ని ఎక్కడ వాడుకోవాలో మేడం చూపిచ్చింది" అని కరీమున్ ఇప్పటికీ అంటుంది. అనేటప్పుడు చేతిలో పని ఆపుతుంది.

ఈలోగా మాలిక్ కారం మిల్లు మాని, పత్తికి కొట్టే పురుగుమందు పొడులు కలిపే చిన్న ఫ్యాక్టరీలో చేరాడు. మొదట మందు గదిలో వేశారు. ఇల్లు చేరేసరికి తలనొప్పి, వాంతులు. కరీమున్‌కు కంటిమీద కునుకు లేదు. కొన్నాళ్లకు యజమాని నాగేంద్రబాబు అతన్ని తెల్లపొడి గదికి మార్చాడు. మందు గడ్డకట్టకుండా కలిపే పొడి అది. బస్తా ఎత్తితే దూది బస్తా ఎత్తినట్టే ఉంటుంది. మూతి విప్పితే పొగలా లేస్తుంది. వాసన లేదు, ఘాటు లేదు, నాలుక మీద వేసుకున్నా రుచి లేదు. తలనొప్పి పోయింది. అందరికీ ఎంత సంతోషమంటే, జానీబీ దర్గాకు పోయి తీపి మలీదా పంచి వచ్చింది.

రెండువేల అయిదులో మాలిక్‌కు పొడిదగ్గు మొదలైంది. చలికాలం దగ్గనుకున్నారు. ఎండలు ముదిరినా పోలేదు. మెట్లెక్కి వచ్చి ఒక క్షణం గోడకు చెయ్యి ఆనించి నిలబడటం కరీమున్ చూసింది. అలా నిలబడే మనిషిని ఆమె ఇదివరకు చూసి ఉంది.

"ఆ పొడి కొంచెం తెచ్చిపెట్టు" అంది మర్నాడు ల్యాబు నుంచి వచ్చి.

"దేనికి? మొహానికి రాసుకుంటావా?"

"మేడం చూస్తానంది. నానో రేణువులంట."

పక్కనున్న జానీబీకి సగమే వినపడింది. "నానా రేణువులా? మా నానా, మా అమ్మ నాయన, ఎప్పుడో పోయాడే, ఆయన రేణువులు మీకెక్కడ దొరికినయ్?"

మాలిక్ నవ్వి నవ్వి దగ్గాడు. దగ్గి దగ్గి కూర్చున్నాడు. నాగేంద్రబాబుని అడిగి, మరుసటి రోజు పొట్లం కట్టుకొచ్చాడు.

ప్రేమమ్మ మేడం అప్పటికే అలాంటి పొడుల మీదే పనిచేస్తోంది. వెల్డింగు పొగ, రంగుల పొడి, సిమెంటు దుమ్ము వరసగా చూస్తోంది. "తలవెంట్రుకని నిలువునా వేల పోగులుగా చీలిస్తే ఒక పోగు ఎంత ఉంటుందో, ఇందులో ఒక్క రేణువు అంత" అని చెప్పింది. "ముక్కు దీన్ని పట్టుకోలేదు. గొంతు పట్టుకోలేదు. తుమ్మూ రాదు. తిన్నగా అడుక్కి దిగుతుంది."

పరీక్ష పెట్టారు. గుంటపునుగుల పెనంలాగా వరసగా చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. ప్రతి గుంటలోనూ కణాలు పెంచి, పొడి కలిపిన ద్రవాన్ని కొన్నిట్లో కొద్దిగా, కొన్నిట్లో ఎక్కువగా పోసి, కొన్ని గుంటలకు ఏమీ పోయకుండా వదిలేశారు. మర్నాడు పసుపురంగు మందు వేస్తారు. బతికున్న కణాలు ఆ పసుపుని వంకాయరంగుకి మారుస్తాయి. చచ్చినవి మార్చలేవు, పసుపు పసుపుగానే ఉండిపోతుంది. "పసుపంటే శుభం అంటారు గదన్నయ్యా హిందువులు, మా ల్యాబులో మాత్రం పసుపుని చూస్తే గుండె జారుద్ది" అని కరీమున్ మధ్యలో చెప్పి, చిక్కుడు గింజ ఒకటి నోట్లో వేసుకుంది.

పలక తెరిస్తే అన్ని గుంటలూ వంకాయరంగే. పొడి తగలని గుంటలూ అంతే, బాగా తగిలిన గుంటలూ అంతే. హమ్మయ్య, పొడి ఏమీ చేయలేదనుకుంది కరీమున్. మేడం సెలవులో ఉంది. ఆగలేక ఆ సాయంత్రమే మాలిక్‌కు చెప్పేసింది. అంతవరకూ ఆమె పోరుపడలేక మూతికి కట్టుకుంటున్న తువాలు తీసి దండెం మీద వేశాడతను. "నేను చెప్పలా? కారం మిల్లులో ముక్కులు పోగొట్టుకున్నోణ్ణి. ఈ తుమ్ము రాని దుమ్ము నన్నేం చేస్తది?"

మేడం వచ్చి పలకను మైక్రోస్కోపు కింద పెట్టింది. గుంట తర్వాత గుంట జరిపి చూసింది. తర్వాత కరీమున్‌ను పిలిచింది.

"ఆ అంచున చూడు. తెల్లగా ఏం కనపడుతోంది?"

"ముద్దలు మేడం."

"పొడి ముద్దకట్టి పైన తేలిపోయింది. కణాల దాకా దిగనేలేదు. మనం వాటికి పొడిని పెట్టలేదమ్మా, చూపించాం అంతే." ఆమె కళ్లజోడు తీసింది. "తప్పు నాదే. కలిపే పద్ధతి నేను రాసిచ్చిందే. మళ్లీ చేద్దాం."

అంత చదువుకున్న మనిషి, ఏ సంకోచమూ లేకుండా, గాజుసామాను కడగడానికి వచ్చిన పిల్లతో తప్పు నాదే అనటం కరీమున్ ఎన్నడూ వినలేదు. "నాకు మేడం నేర్పినవాటిల్లో పెద్ద పాఠం అదే అన్నయ్యా. పుస్తకంలో ఉండదు" అంటుంది.

ముద్దలు విడదీయడానికి ఒక తొట్టి కావాలి. చెవికి అందని చప్పుడుతో నీళ్లను వణికించి పొడిని రేణువు రేణువుగా విడగొట్టే తొట్టి. పక్క కాలేజీ నుంచి మేడం దాన్ని బతిమాలి తెచ్చింది. అది ఎలా పనిచేస్తుందో చెబుతుంటే కరీమున్ మధ్యలోనే అందుకుంది.

"ఏకుడే గద మేడం! మా నాన్న విల్లు పెట్టి చేసేది ఇదే."

మేడం పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ల్యాబులో ఆ పనికి ఏకుడు అనే పేరు స్థిరపడింది. కొత్తగా వచ్చే పిల్లలు కూడా "మేడం, పొడి ఏకామండీ" అనే అంటారు.

ఏకిన పొడి పోశారు. ఈసారి పలక తెరిస్తే ఒక పక్కన వంకాయరంగు, జరిగేకొద్దీ లేత, ఇంకా లేత, చివరి గుంటల్లో పచ్చి పసుపు. కరీమున్ పలకను బల్ల మీద పెట్టేసి చేతులు వెనక్కి కట్టుకుంది. "ఒకసారి వస్తే నమ్మకూడదు" అని మేడం మళ్లీ చేయించింది. మళ్లీ అదే. ఇంకోసారి చేయించింది. అదే.

"మేడం, మరి మా ఆయన..."

"ఆగు. గుంటలో కణాలు చచ్చాయంటే మనిషి చస్తాడని కాదు. మనిషికి జిగురుంది, దగ్గుంది, ఒళ్లు కాచుకునే దారులు బోలెడున్నాయి. నేను ఇంతే చెప్పగలను. దీన్ని మంచిపొడి అనుకోవటానికి వీల్లేదు. మందు గదిలో ఎంత జాగ్రత్తో ఇక్కడా అంత జాగ్రత్త ఉండాలి. ముందు అతన్ని డాక్టరుకి చూపించు."

ఆ మాట మాలిక్‌కు చెప్పటం పరీక్ష కంటే కష్టమైంది.

"మొన్నేమో మంచిదన్నావ్. ఇవాళ చెడ్డదంటన్నావ్. రేపేమంటావో!"

"మొన్న పొడి ముద్దకట్టిందయ్యా. కణాలకి తగల్లా."

"నీ కణాలకి తగిలితే ఏంది, తగలకపోతే ఏంది? మందు గదికి మళ్లీ పొమ్మంటావా? పని మానేసి ఇంట్లో చిక్కుడుకాయలు ఒలవమంటావా?"

"ఏకు మేకై కూర్చున్నాక ఒలుద్దువులే, మంచంలో పడుకుని!"

జానీబీ లోపలినుంచి వచ్చింది. "ఒరేయ్, దాని మాట ఇనకపోతే మానె. కళ్లు ఉన్నయిగా, పోయి చూసిరా."

అలా మాలిక్ మొదటిసారి ల్యాబ్ గడప తొక్కాడు. చెప్పులు విప్పించారు, చేతులు కడిగించారు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి, "ఏవీ? నా రెప్పవెంట్రుకలే కనపడతన్నయ్" అన్నాడు. మేడం తల సరిచేసింది. అప్పుడు కనపడ్డాయి. పొడి తగలని కణాలు, నాపరాళ్లు పరిచినట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నేలను కరుచుకుని ఉన్నాయి. తర్వాత మేడం రెండో పలక పెట్టింది. అవే కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి, పట్టు వదిలేసి, తేలుతున్నాయి.

మాలిక్ ఈసారి హాస్యం ఆడలేదు. కన్ను తీయకుండానే, "ఇయ్యి ఎవరియి మేడం?" అని అడిగాడు.

"ఎక్కడో సముద్రం అవతల ఒక మనిషివి మాలిక్. ఆయనకి ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చింది. తీసిన ముక్కలోంచి పెంచిన కణాలివి. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పట్నుంచీ ఇవి సీసాల్లో పెరుగుతూ దేశదేశాలు తిరుగుతున్నాయి."

మాలిక్ తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"అంటే నేను పీల్చాల్సింది ఆయన పీల్చి చూపిచ్చాడన్నమాట."

కరీమున్ కళ్లు తుడుచుకోవటానికి వీల్లేదు, చేతులకు తొడుగులున్నాయి. మోచేత్తో తుడుచుకుంది.

మర్నాడు ఇద్దరూ కలిసి నాగేంద్రబాబు దగ్గరకు వెళ్లారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. పక్క గోడ అవతలే తెల్లపొడి గది.

"ఏరా మాలిక్, పెళ్లాన్ని వెంటేసుకొచ్చావ్? ఏందమ్మాయ్, మా ఫ్యాక్టరీ మీద ఏదో కనిపెట్టావంటగా?"

కరీమున్ మేడం ఎంత చెప్పిందో అంతే చెప్పింది. ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. ఆయన విని నవ్వాడు.

"గుంటల పెనంలో ఏవో చచ్చినయ్యని నన్ను గది మూయమంటారా? ఆ పొడి ఎప్పుడన్నా ఒకణ్ణి తుమ్మించిందా?"

"అదే గదండీ దాంతో చిక్కు. తుమ్మిస్తే ఈపాటికి మీరే జాగ్రత్త పడేవాళ్లు."

ఆయన బల్లమీది అద్దం మీద వేలు ఆనించాడు. ఎత్తి చూశాడు. వేలి కొస తెల్లగా ఉంది. వెనకనున్న ఫ్యాను రెక్క వైపు చూశాడు. అదీ తెల్లగానే ఉంది. గోడపక్కనున్న తన మంచినీళ్ల కూజా వైపు చూశాడు.

"ఒరేయ్, ఇది ఇక్కడిదాకా వస్తదంట్రా?"

"మీరు కూర్చునేదీ ఆ గది పక్కనేగదండీ" అన్నాడు మాలిక్ వినయంగా.

పనులు ఆ రోజే అయిపోలేదు. ఆయన ఇంకా ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు, గొణిగాడు, పత్తి సీజను పోనీయండి అన్నాడు. కానీ ఉగాది దాటాక బస్తాలు విప్పేచోట గాలిని బయటికి లాగే గొట్టం పెట్టించాడు. ముక్కుకు బిగుతుగా పట్టే మాస్కులు తెప్పించాడు. పొడి గది కంటే ముందు ఆయన తన గదికే తలుపు బిగించుకున్నాడని మాలిక్ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. డాక్టరు ఎక్స్‌రే తీసి, మచ్చ ఏమీ లేదు, వేళకి వచ్చారు అన్నాడు. దగ్గు ఒక్క రోజులో పోలేదు. తగ్గుతూ తగ్గుతూ, ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరూ గమనించకుండా పోయింది.

టీ గ్లాసులు తెచ్చి పెట్టింది ఆ మాలికే. మెట్లు దిగి వెళ్లి పాలు తెచ్చి, మళ్లీ ఎక్కి వచ్చాడు. గోడకు చెయ్యి ఆనించలేదు. కరీమున్ ఆ పక్కకు చూడకుండానే చూసింది.

"నాకు ఎవరెవరి రుణం ఉందో చెప్తా ఇనన్నయ్యా. మా నాన్న. మా అత్త, నోరు మాత్రం తీసేసి. మేడం. ఆ నాగేంద్రబాబు గారిది కూడా, ఎట్టా అయినా చేశాడుగా! అందరికీ దండం పెట్టుకున్నా. ఒకాయన మిగిలిపోయాడు."

షబేబరాత్ పండగ నాడు ఇంట్లో పోయినవాళ్ల పేరున ఫాతెహా ప్రార్థన ఇప్పిస్తారు. మాలిక్ దగ్గు తగ్గిన ఏడు మసీదు హజరత్ వచ్చి కూర్చుని పేర్లు అడిగాడు. మామగారి పేరు చెప్పింది. తండ్రి ఖాజావలి పేరు చెప్పింది. ఇంకొకాయన కూడా ఉన్నాడండీ అంది.

"పేరు?"

"తెలవదండీ."

"తండ్రి పేరు?"

"అదీ తెలవదు."

"ఊరు?"

"సముద్రం అవతల."

జానీబీ నెత్తి కొట్టుకుంది. "ముక్కూ మొహం తెలవనోడికి మా ఇంట్లో మలీదా ఏందే! మన వాళ్లో కాదో!"

"నీ కొడుకు మెట్లు ఎక్కుతున్నాడు గదత్తా. మనోడు కాకపోతే ఎట్టా?"

జానీబీ లోపలికి పోయి మలీదా గిన్నె ఇంకొకటి తెచ్చి హజరత్ ముందు పెట్టింది. ఆయన చేతులెత్తి, అల్లాకి తెలుసులే తల్లీ అని చదివాడు. ప్రతి ఏడూ అలాగే చదువుతున్నాడు.

"అల్లాకి తెలుసు, సరే. నాకు తెలవొద్దా? మేడంని అడిగితే ఆ కణాలకి ఏదో అక్షరమూ, నంబరూ ఉన్నయ్యని చెప్పింది. పేరు ఎవరికీ చెప్పరంట, అది పద్ధతంట. పద్ధతి మంచిదే, నేను కాదన్నా. కానీ నంబరుకి ఫాతెహా ఎట్టా ఇప్పిస్తాం చెప్పండి?"

వచ్చినాయనకు బస్సు వేళయింది. ఆమె చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి లేచింది, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"మీరు బడికి పెద్దగా పోకపోయినా పుస్తకాలు తెగ తిరగేస్తారంటగా, ఇంటర్నెట్టు కాడ కూడా కూర్చుంటారంటగా. ఎక్కడన్నా కనపడుద్దేమో చూడండన్నయ్యా. ఆయనది ఏ దేశమో, ఏ మతమో నాకక్కర్లా. ఇంట్లో వాళ్లు ఆయన్ని పిలిచే ముద్దుపేరైనా చాలు. షబేబరాత్ లోపల ఎట్టాగైనా తెలుసుకొచ్చి చెప్పండి."